బెల్‌జార్‌లో అయాన్ ఇంజన్

1964 జులై 20న అమెరికా తూర్పు తీరంలోని వాలప్స్ దీవి నుంచి ఒక స్కౌట్ రాకెట్ లేచింది. అది కక్ష్యలోకి వెళ్ళే ప్రయాణం కాదు. వాతావరణం దాటి పైకి వెళ్ళి, కాసేపు శూన్యంలో తేలి, మళ్ళీ కిందికి పడిపోయే ప్రయాణం. రాకెట్ మోసుకెళ్ళిన పరికరం పేరు సెర్ట్-1. అందులో రెండు అయాన్ ఇంజన్లున్నాయి. హై వోల్టేజి షార్ట్ అవడంతో ఒకటి పనిచేయలేదు. నాసా లూయిస్ కేంద్రంలో హెరాల్డ్ కాఫ్‌మన్ రూపొందించిన రెండోది 31 నిమిషాల 16 సెకన్లు నడిచింది. అంతరిక్షంలో ఒక అయాన్ ఇంజన్ పనిచేయడం అదే మొదటిసారి.

కాఫ్‌మన్ ఇంజన్ అప్పటికే క్లీవ్‌లాండ్‌లోని లూయిస్ కేంద్రపు వాక్యూమ్ ట్యాంకుల్లో 1959 నుంచీ నడుస్తోంది. నేల మీద అంత బాగా నడుస్తున్న ఇంజన్‌ను అరగంట చూడటానికి రాకెట్ ఖర్చు ఎందుకు పెట్టారు? ఎందుకంటే ట్యాంకు తీర్చలేని అనుమానం ఒకటి మిగిలిపోయింది. అయాన్ ఇంజన్ ధనావేశం ఉన్న పరమాణువులను వెనక్కి చిమ్ముతుంది. అలా చిమ్మినకొద్దీ నౌకలో రుణావేశం పేరుకుపోతుంది. కొద్ది క్షణాల్లోనే ఆ రుణావేశం, వెళ్ళిన అయాన్లను వెనక్కి లాగేస్తుంది. నెట్టుడు సున్నా అవుతుంది. అందుకని న్యూట్రలైజర్ అనే చిన్న పరికరం ఆ అయాన్ల పుంజంలోకి ఎలక్ట్రాన్లను వదలాలి. అది నిజంగా పనిచేస్తుందా? ట్యాంకులో దీన్ని తేల్చడం కష్టం. ట్యాంకు గోడ లోహం, భూమికి కలిపి ఉంటుంది. న్యూట్రలైజర్ చేతులు ముడుచుకు కూర్చున్నా, గోడే ఎలక్ట్రాన్లు ఇచ్చి పని జరిపించేస్తుంది. సెర్ట్-1 మీద ఇంజన్లను పక్కకు చాపిన చేతులకు బిగించారు. ఇంజన్ నెట్టితే నౌక తిరిగే వేగం మారుతుంది. అది మారింది. అనుమానం తీరింది.

ఇంట్లోనో, కాలేజీ వర్క్‌షాపులోనో సొంతంగా అయాన్ ఇంజన్ చేసుకుని పరీక్షించాలనుకునే వారికి ఈ కథ మొదటి పాఠం. వాక్యూమ్ చాంబర్ అంతరిక్షానికి నకలు కాదు. కొన్ని విషయాల్లో అది ఇంజన్‌కు అడగని సాయం చేస్తుంది, కొన్నిట్లో అడ్డుపడుతుంది. లోపల నీలం వెలుగు రావడం ఎవరైనా సాధించగలిగిన పని. ఆ వెలుగు వెనుక నిజంగా ఎంత బలం ఉందో, ఆ బలం ఇంజన్‌దేనని ఎలా చెప్పగలమో నిరూపించడమే అసలు పని. ఈ అధ్యాయమంతా దాని గురించే.

ముందు చాంబర్ అవసరం ఎందుకో చూద్దాం. విద్యుత్తుతో కణాలను తోసి రాకెట్ నడపవచ్చన్న ఆలోచన రాబర్ట్ గొడార్డ్ నోటుపుస్తకంలో 1906లోనే ఉంది. దాన్ని ఆచరణలో పెట్టడానికి కావలసింది ఖాళీ దారి. మన చుట్టూ ఉన్న గాలిలో ఒక అణువు మరో అణువుకు తగలకుండా వెళ్ళగలిగే సగటు దూరం మిల్లీమీటరులో సుమారు పదిహేను వేలవ వంతు. అలాంటి చోట అయాన్‌ను ఎంత వోల్టేజితో లాగినా, అడుగు వేయకముందే గాలి అణువును గుద్దుకుని వేగం పోగొట్టుకుంటుంది. ఒత్తిడి తగ్గిస్తే ఆ దూరం పెరుగుతుంది. వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్‌లు. 1 పాస్కల్‌కు దించితే సగటు దూరం 7 మిల్లీమీటర్లు అవుతుంది. పాస్కల్‌లో వెయ్యో వంతుకు దించితే 7 మీటర్లు. అప్పుడు ఇంజన్ నుంచి బయటపడిన అయాన్ దేనికీ తగలకుండా అవతలి గోడ చేరగలదు.

గాలిలోనే పనిచేసే అయాన్ పరికరాలు లేవా అంటే, ఉన్నాయి. అల్యూమినియం రేకు, సన్న తీగ, వెదురు పుల్లలతో చేసి పాతిక ముప్పై వేల వోల్టులిస్తే పైకి లేచే లిఫ్టర్‌ను చాలామంది చూసే ఉంటారు. 2018లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్టీవెన్ బారెట్ బృందం 40 వేల వోల్టులతో ఒక చిన్న విమానాన్ని ప్రొపెల్లర్ లేకుండా 60 మీటర్ల దూరం ఎగరేసింది. వీటిలో అయాన్లు చుట్టూ ఉన్న గాలిని తోస్తాయి. ఆ గాలే పరికరాన్ని ఎత్తుతుంది. గాలి తీసేస్తే లిఫ్టర్ కదలదు. అయాన్ ఇంజన్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు: గాలి ఉంటే అది పనిచేయదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టినవారు వాక్యూమ్ పంపు కొనే ఖర్చు తప్పించుకోవచ్చనుకుంటారు. తప్పించుకోలేరు.

ఇక ఇంజన్. సొంతంగా చేసుకునేవారికి కాఫ్‌మన్ నమూనానే సులువు. అయస్కాంతానికి అంటుకోని స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం ఒకటి తీసుకుంటారు. ఒక మూసిన కొన నుంచి సన్నని నాళం ద్వారా ఆర్గాన్ వస్తుంది. పెద్ద ఇంజన్లలో జెనాన్ వాడతారు గానీ దాని ధర ఎక్కువ. ఆర్గాన్ వెల్డింగ్ గ్యాస్ అమ్మే ప్రతి దుకాణంలోనూ దొరుకుతుంది. గొట్టం లోపల టంగ్‌స్టన్ ఫిలమెంట్ తెల్లగా కాగుతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది. చుట్టూ ఉన్న ఆనోడ్‌కు దానికన్నా 40 వోల్టులు ఎక్కువ ఇస్తే ఎలక్ట్రాన్లు అటు పరుగెత్తుతాయి. ఆర్గాన్ పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి 15.8 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. గొట్టం బయట బిగించిన అయస్కాంతాలు ఎలక్ట్రాన్లను తిన్నగా పోనివ్వకుండా సుడులు తిప్పుతాయి. దారి పొడవైనకొద్దీ ఆర్గాన్‌ను గుద్దే అవకాశం పెరుగుతుంది. అలా లోపల అయాన్లూ ఎలక్ట్రాన్లూ కలిసిన ప్లాస్మా తయారవుతుంది.

గొట్టం తెరిచిన కొనకు చిల్లులున్న రెండు రేకులు, ఒకదాని వెనుక ఒకటి, మిల్లీమీటరు ఎడంతో బిగిస్తారు. వీటిని గ్రిడ్లంటారు. మొత్తం గొట్టాన్ని, దానితోపాటు మొదటి గ్రిడ్‌నూ 1000 వోల్టుల ధన విద్యుత్తు మీద ఉంచుతారు. రెండో గ్రిడ్‌కు 100 నుంచి 200 వోల్టుల రుణ విద్యుత్తు ఇస్తారు. బయటి ఎలక్ట్రాన్లు లోపలికి దూరకుండా అది కాపలా. మొదటి గ్రిడ్ చిల్లు దగ్గరకు వచ్చిన అయాన్ ఆ మిల్లీమీటరు దూరంలోనే వేగం అందుకుని, రెండో గ్రిడ్ చిల్లులోంచి బయటికి దూసుకుపోతుంది. 1000 వోల్టులు దాటిన ఆర్గాన్ అయాన్ వేగం సెకనుకు 69 కిలోమీటర్లు. అత్యుత్తమ రసాయన రాకెట్ల వాయువు వేగం సెకనుకు నాలుగున్నర కిలోమీటర్లకు అటూఇటూ. ఇంధనం ఎందుకు ఆదా అవుతుందో ఈ రెండు అంకెల్లోనే ఉంది.

చిల్లులు ఎదురెదురుగా కచ్చితంగా ఉండాలి. కొంచెం పక్కకు జరిగినా అయాన్లు రెండో గ్రిడ్‌నే కొట్టి దాన్ని కాల్చేస్తాయి. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న అమరిక ఫిలమెంట్ వేడికి సాగి మారుతుంది కూడా. ఎంత కరెంటు లాగగలమన్నదానికీ ఒక హద్దు ఉంది. అయాన్లు కిక్కిరిసినకొద్దీ వాటి ఆవేశమే వెనక వచ్చేవాటిని ఆపుతుంది. చైల్డ్, లాంగ్‌మ్యూర్ కనుక్కున్న ఈ నియమం ప్రకారం 1000 వోల్టులు, మిల్లీమీటరు ఎడం ఉంటే చదరపు సెంటీమీటరు చిల్లుల నుంచి ఆర్గాన్‌లో సుమారు 27 మిల్లీ ఆంపియర్లకు మించి రావు. మన చేతి ఇంజన్ ఆ హద్దుకు చాలా దూరంలోనే ఉండిపోతుంది.

ప్రమాదం గురించి ఇక్కడే చెప్పాలి, అధ్యాయం చివరకు వాయిదా వేయకూడదు. గొట్టం 1000 వోల్టుల మీద ఉంది కాబట్టి ఫిలమెంట్‌ను కాల్చే చిన్న పవర్ సప్లై కూడా 1000 వోల్టుల మీదే తేలుతూ ఉంటుంది. దాని మీద 6 వోల్టులని రాసి ఉండవచ్చు. మీట ముట్టుకుంటే మాత్రం ప్రాణం పోవచ్చు. దాన్ని ఇన్సులేటెడ్ పెట్టెలో పెట్టి, పూర్తిగా విడిగా ఉన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌తోనో బ్యాటరీతోనో నడపాలి. మైక్రోవేవ్ ఓవెన్ నుంచి ఊడదీసిన ట్రాన్స్‌ఫార్మర్ జోలికి అస్సలు వెళ్ళవద్దు. దాని నుంచి వచ్చే కరెంటు మనిషిని వదిలిపెట్టదు. తొలి ఇంజన్లలో పాదరసం వాడారని చదివి అది ప్రయత్నించవద్దు. చాంబర్ సంగతీ అంతే: 30 సెంటీమీటర్ల వ్యాసమున్న మూత మీద వాతావరణం మోపే బరువు 700 కిలోలకు పైమాటే. చాంబర్‌గా గాజు బెల్‌జార్ వాడితే, దాని మీద సన్నని గీత పడినా దాన్ని పక్కన పెట్టేయాలి, వాడేటప్పుడు చుట్టూ జాలీ గానీ మందపాటి పాలీకార్బనేట్ అడ్డు గానీ ఉండాలి. ఒంటరిగా ఈ పని చేయకూడదు.

గాలి లాగే పనికి రెండు పంపులు కావాలి. మొదటిది రోటరీ పంపు. ఏసీ మెకానిక్‌లు గ్యాస్ ఎక్కించే ముందు పైపుల్లో గాలి లాగేసేది ఇలాంటి పంపుతోనే. అది చాంబర్‌ను కొన్ని పాస్కల్‌ల దాకా తెస్తుంది. ఆ ఒత్తిడిలో కొన్ని వందల వోల్టులకే ఊదారంగు వెలుగు చాంబరంతా నిండుతుంది. ఎంత అందంగా ఉన్నా అది ట్యూబ్‌లైటులో జరిగే డిశ్చార్జే. దాన్ని చూసి ఇంజన్ నడిచిందని ప్రకటించినవారు కోకొల్లలు. అసలు పని రెండో పంపుతో మొదలవుతుంది: వేడి నూనె ఆవిరి ధారలతో వాయువును కిందికి తోసే డిఫ్యూజన్ పంపు గానీ, నిమిషానికి పదుల వేల చుట్లు తిరిగే రెక్కల టర్బో పంపు గానీ.

రెండు పంపులున్నా ఒత్తిడి అనుకున్నంతగా దిగదు. వేలిముద్ర జిడ్డు, వైరు మీది ప్లాస్టిక్ తొడుగు, గోడలకు పట్టిన తేమ, మరగుంత అడుగున చిక్కుకున్న గాలి మెల్లమెల్లగా వాయువును వదులుతూనే ఉంటాయి. మర అడుగున చిక్కిన గాలి మరీ మొండిది. బయట నుంచి ఎక్కడా లీకు కనిపించదు, లోపల ఒత్తిడి తగ్గదు. అందుకే ఈ పని చేసేవారు మరకు నిలువునా సన్నని రంధ్రం వేస్తారు.

మరో చిక్కు ఉంది, కొత్తవాళ్ళను ఎక్కువగా తికమకపెట్టేది. తక్కువ ఒత్తిడిలో దగ్గరగా ఉన్న రెండు తీగల మధ్య స్పార్క్ రాదు. దూరంగా ఉన్న వాటి మధ్యే వస్తుంది. దారి మరీ పొట్టిగా ఉంటే ఎలక్ట్రాన్ ఒక్క పరమాణువుకూ తగలకుండానే అవతలికి చేరుతుంది కాబట్టి డిశ్చార్జ్ అంటుకోదు. పాషెన్ 19వ శతాబ్దంలోనే చూపించిన సంగతి ఇది. కాబట్టి గ్రిడ్ల మధ్య అంతా బాగానే ఉంటుంది. వెనక ఎక్కడో తొడుగు ఊడిన వైరు నుంచి చాంబర్ నేల దాకా కనిపించని డిశ్చార్జ్ నడుస్తుంటుంది. పవర్ సప్లై మీటర్ 10 మిల్లీ ఆంపియర్లు చూపిస్తుంది. అదంతా పుంజమే అనుకుంటే ఇంజన్‌కు లేని బలం కట్టబెట్టినట్లే.

పుంజాన్ని విడిగా కొలవాలి. ఇంజన్‌కు ఎదురుగా ఫారడే కప్పు పెట్టి, అందులో పడిన అయాన్ల కరెంటు చూస్తారు. ఇక్కడ కూడా మోసం ఉంది. వేగంగా వచ్చిన అయాన్ లోహాన్ని కొట్టినప్పుడు అందులోంచి ఎలక్ట్రాన్లు ఎగిరిపోతాయి. ఒక రుణావేశం పోవడం, ఒక ధనావేశం రావడం మీటరుకు ఒకటే. కప్పు ముందు రుణ విద్యుత్తు ఇచ్చిన చిన్న వలయం పెట్టి ఆ ఎలక్ట్రాన్లను లోపలికే తిప్పి పంపితే గానీ నిజమైన అంకె రాదు.

ఆ నిజమైన అంకె 1 మిల్లీ ఆంపియర్ అనుకుందాం. సొంతంగా చేసిన తొలి ఇంజన్‌కు అది మంచి ఫలితమే. 1000 వోల్టుల ఆర్గాన్ పుంజంలో ఆంపియర్‌కు 29 మిల్లీన్యూటన్ల నెట్టుడు వస్తుంది కాబట్టి, మన ఇంజన్ బలం 29 మైక్రోన్యూటన్లు. అంటే 3 మిల్లీగ్రాముల బరువు. ఒక బియ్యపు గింజ బరువులో ఏడో వంతు. దీన్ని కొలవాలి.

1798లో కావెండిష్ భూమి సాంద్రత కనుక్కోవడానికి వాడిన మెలి తక్కెడే ఇప్పటికీ ఈ పనికి వాడతారు. సన్నని తీగకు అడ్డంగా ఒక కడ్డీ వేలాడుతుంది. కడ్డీ ఒక చివర ఇంజన్, రెండో చివర సమతూకం. ఇంజన్ నెడితే తీగ మెలిపడుతుంది. కడ్డీ మీద అద్దం బిళ్ళ అంటించి దాని మీద లేజర్ వేస్తే, ఎదురు గోడ మీద చుక్క జరుగుతుంది. కడ్డీ చేయి 20 సెంటీమీటర్లు, తీగ బిగువు రేడియన్‌కు న్యూటన్-మీటరులో వెయ్యో వంతు, గోడ 3 మీటర్ల దూరం అనుకోండి. 29 మైక్రోన్యూటన్లకు చుక్క సుమారు మూడున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. బియ్యపు గింజలో ఏడో వంతు బరువును స్కేలుతో కొలవచ్చు! కావెండిష్ పద్ధతిలో ఉన్న గొప్పతనం అది.

కొలిచేముందు తక్కెడకు తెలిసిన బలం ఒకటి ఇచ్చి సరిచూడాలి. 10 చదరపు సెంటీమీటర్ల రెండు రేకులను 2 మిల్లీమీటర్ల ఎడంతో ఎదురెదురుగా నిలిపి 160 వోల్టులిస్తే అవి ఒకదాన్నొకటి సుమారు 28 మైక్రోన్యూటన్ల బలంతో లాక్కుంటాయి. ఒక రేకు కడ్డీ మీద, ఒకటి నేల మీద. లేజర్ చుక్క ఎంత జరిగిందో గుర్తు పెట్టుకుంటే అదే కొలబద్ద. వోల్టేజి మారిస్తే కొలబద్ద మీద మిగతా గీతలూ వస్తాయి. ఖర్చు దాదాపు లేని, నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు ఇది.

ఇప్పుడు ఇంజన్ వేశాం, చుక్క జరిగింది. పండగ చేసుకోవచ్చా? ఇంకా లేదు. చుక్కను జరపగలిగినవి ఇంజన్ ఒక్కటే కాదు.

మొదటిది, అయాన్ కాని వాయువు. నిమిషానికి ఒక ఘన సెంటీమీటరు ఆర్గాన్ పంపుతున్నామనుకోండి. అందులోని ప్రతి పరమాణువూ అయానైతే 72 మిల్లీ ఆంపియర్లు రావాలి. మనకు వచ్చింది ఒకటి. మిగిలిన వాయువంతా గది వేడితోనే గ్రిడ్ చిల్లుల్లోంచి బయటికి పోతోంది. అలా పోతూ అది కూడా నెడుతుంది, 10 మైక్రోన్యూటన్ల దాకా. అంటే ఇంజన్ బలంలో మూడో వంతు, ఒక్క వోల్టు కూడా ఇవ్వకుండానే! గ్యాస్ మాత్రమే వదిలి చుక్క ఎక్కడ నిలుస్తుందో చూసి, దాన్ని తీసివేయాలి.

రెండోది, ఆ గ్యాస్ చాంబర్‌ను పాడుచేయడం. సెకనుకు 300 లీటర్లు లాగే పంపున్నా ఆ కొద్దిపాటి ఆర్గాన్‌కే ఒత్తిడి 0.006 పాస్కల్‌ల దగ్గర నిలిచిపోతుంది. చాంబర్‌లో తిరుగుతున్న ఆ వాయువు మళ్ళీ ఇంజన్ చిల్లుల్లోంచి లోపలికి దూరుతుంది. చిల్లుల వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లయితే, మనం పంపిన గ్యాస్‌లో దాదాపు ఆరో వంతు అదనంగా అలా వస్తుంది. ఇంజన్ లెక్కలో లేని ఇంధనం తాగుతూ, పొదుపరిలా కనిపిస్తుంది. ఒత్తిడి చూపించే గేజ్ కూడా నైట్రోజన్‌కు సరిచేసి వస్తుంది కాబట్టి ఆర్గాన్‌లో అది చూపించే అంకెను సుమారు 1.3తో భాగించాలి. పైగా, వేగంగా పోతున్న అయాన్ దారిలో నెమ్మదిగా తిరుగుతున్న ఆర్గాన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కోవచ్చు. అప్పుడు వేగంగా పోయేది ఆవేశం లేని పరమాణువు, నెమ్మదిగా మిగిలేది అయాన్. నెట్టుడు పోలేదు గానీ ఫారడే కప్పుకు ఆ పరమాణువు కనపడదు. మిగిలిన నెమ్మది అయాన్ రుణ విద్యుత్తు ఉన్న గ్రిడ్ వైపు వెనక్కి పడి దాన్ని కొద్దికొద్దిగా తొలుస్తుంది.

మూడోది, వైర్లు. ఇది నేను ఎంత చెప్పినా తక్కువే. మన తెలుగు నేల మీద భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు. ఫిలమెంట్‌కు 5 ఆంపియర్లు తీసుకెళ్ళే వైరు ఒక 10 సెంటీమీటర్లు జంట లేకుండా ఒంటరిగా నడిస్తే, భూమి దాన్ని 20 మైక్రోన్యూటన్ల వరకూ నెట్టగలదు. మన ఇంజన్ మొత్తం బలం 29! వెళ్ళే వైరునూ వచ్చే వైరునూ బిగుతుగా మెలివేయాలి. ఆ తర్వాత కరెంటు దిశ మార్చి చూడాలి. చుక్క నిలిచే చోటు మారితే అది భూమి పని. వైరు బిగువు కూడా తక్కెడను పట్టి ఉంచుతుంది. ఖర్చు పెట్టగలవారు గది వేడికే ద్రవంగా ఉండే గాలిన్‌స్టాన్ లోహపు చిన్న గిన్నెల్లో కొనలు ముంచి కరెంటు పంపుతారు.

నాలుగోది వేడి. ఫిలమెంట్ కాగితే కడ్డీ సాగుతుంది, సమతూకం జరుగుతుంది, చుక్క మెల్లగా కొట్టుకుపోతుంది. ఇంజన్ నెట్టుడు స్విచ్ వేసిన మరుక్షణం వచ్చి, ఆపిన మరుక్షణం పోవాలి. తక్కెడ ఊపుకు పట్టే సమయంలో కాకుండా నిమిషాల తరబడి పెరుగుతూ, ఆపాక నిమిషాల తరబడి తగ్గే కదలిక ఏదైనా వేడిదే.

ఇదంతా చాదస్తం కాదనడానికి ఎమ్‌డ్రైవ్ ఉదంతం చాలు. మూసిన రాగి శంకువులో మైక్రోవేవ్‌లు నింపితే, ఏమీ బయటికి చిమ్మకుండానే అది ముందుకు కదులుతుందని రోజర్ షాయర్ వాదించాడు. భౌతికశాస్త్రపు మూల నియమానికే విరుద్ధమైన మాట అది. అయినా 2016లో నాసా జాన్సన్ కేంద్రంలోని ఈగిల్‌వర్క్స్ బృందం దాన్ని వాక్యూమ్ చాంబర్‌లో మెలి తక్కెడ మీద పరీక్షించి, కిలోవాట్‌కు 1.2 మిల్లీన్యూటన్ల బలం కనిపించిందని ప్రచురించింది. ప్రపంచమంతా మారుమోగింది. జర్మనీలో డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ తైమార్ ఆర్భాటం లేకుండా పని మొదలుపెట్టాడు. శంకువులోకి పోయే మైక్రోవేవ్ శక్తిని దాదాపు సున్నాకు తగ్గించి, మిగతా వైర్లూ కరెంటూ అలాగే ఉంచాడు. బలం అలాగే ఉంది. 2018లో ఆయన బృందం చెప్పింది: కనిపిస్తున్నది చాలావరకు వైర్లలోని కరెంటుకూ భూమి అయస్కాంత క్షేత్రానికీ మధ్య లాగులాటే. 2021 నాటికి, వేడికి సాగే భాగాల ప్రభావాన్ని కూడా తొలగించిన తక్కెడ మీద ఎమ్‌డ్రైవ్ బలం మాయమైపోయింది. నా దృష్టిలో తైమార్ చేసినది గొప్ప ప్రయోగం. కొత్త ఇంజన్ కనిపెట్టడం కన్నా, లేని ఇంజన్‌ను లేదని చూపించడానికి ఎక్కువ నిజాయితీ, ఎక్కువ ఓర్పు కావాలి.

మన ఇంజన్‌కూ అదే పరీక్ష పెట్టాలి. ఇంజన్‌ను కడ్డీ మీద వెనక్కి తిప్పి బిగిస్తే చుక్క ఎదురు దిశలో, అంతే దూరం జరగాలి. కడ్డీ పొడవునా చూసేట్టు బిగిస్తే చుక్క జరగకూడదు. ఫిలమెంట్, గ్యాస్, వైర్లు అన్నీ నడుస్తూ 1000 వోల్టులు మాత్రమే ఆపేస్తే, గ్యాస్ వాటా ఒక్కటే మిగలాలి. పుంజం నుంచి లెక్కగట్టిన బలమూ తక్కెడ చెప్పిన బలమూ దగ్గరగా రావాలి. ఈ నాలుగూ కుదిరినప్పుడు ఆ 29 మైక్రోన్యూటన్లు మీవి.

సెర్ట్-1 పాఠం గాజు బెల్‌జార్‌లో తలకిందులుగా కనిపిస్తుంది. ఉక్కు చాంబర్‌లో న్యూట్రలైజర్ లేకుండా నడిచిన ఇంజన్‌ను గాజు జార్‌లో పెడితే పుంజం తడబడుతుంది. గాజు కరెంటు పోనివ్వదు కాబట్టి అయాన్లు దాని మీద పేరుకుని వెనక వచ్చేవాటిని తోసేస్తాయి. జార్ లోపల భూమికి కలిపిన జాలీ వేస్తే మళ్ళీ నడుస్తుంది. ఈ తేడాను కళ్ళారా చూడటానికి ఈ రెండు ప్రయోగాలూ చేయడం మంచిది. ఇక ఇంజన్‌కు న్యూట్రలైజర్‌గా మరో టంగ్‌స్టన్ ఫిలమెంట్ బయట బిగించి, దాని నుంచి పోయే ఎలక్ట్రాన్ల కరెంటు పుంజం కరెంటుకు సమానమయ్యేలా సర్దితే, అంతరిక్షంలోకి వెళ్ళగల ఇంజన్‌కు ఒక మెట్టు దగ్గరైనట్లు.

బలం నిరూపించాక మిగిలేది ఆయుష్షు. పెద్ద ఇంజన్ల పరీక్షల్లో ఎక్కువ కాలం పట్టేది ఇదే. 1998లో బయలుదేరిన డీప్ స్పేస్-1 నౌకలో ఎన్‌స్టార్ అనే 30 సెంటీమీటర్ల జెనాన్ ఇంజన్ ఉంది. గరిష్ఠంగా 92 మిల్లీన్యూటన్లు, అంటే సుమారు 9 గ్రాముల బరువంత నెట్టుడు. మొదటిసారి వేసినప్పుడు నాలుగున్నర నిమిషాలకే ఆగిపోయింది. గ్రిడ్ల మధ్య ఏదో నలుసు చిక్కి ఉండాలని నిపుణులు భావించారు. రెండు వారాల తర్వాత మళ్ళీ వేస్తే అంటుకుంది. చివరకు 16 వేల గంటలకు పైగా నడిచింది. దాని జంట ఇంజన్‌ను కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఒక చాంబర్‌లో బిగించి 30,352 గంటలు నడిపి, 2003లో తామే ఆపారు. గ్రిడ్ చిల్లులు ఎంత అరిగాయి, కాథోడ్ ఎంత కరిగింది అని కొలుచుకోవడానికే అంత శ్రమ. ఆ అనుభవంతోనే ఇదే రకం ఇంజన్లతో డాన్ నౌక వెస్టా గ్రహశకలం చుట్టూ, సెరెస్ మరుగుజ్జు గ్రహం చుట్టూ తిరిగింది. ఇంత కాలం నడిపేటప్పుడు చాంబర్ గోడకు గ్రాఫైట్ పలకలు తొడగాలి. లేకపోతే అయాన్లు కొట్టి రాల్చిన గోడ లోహం తిరిగి ఇంజన్ మీదే పూతలా పడి, అరుగుదలను కప్పిపెడుతుంది.

ఇస్రో పట్టుకున్న దారి గ్రిడ్లు లేని ప్లాస్మా ఇంజన్. వలయాకారపు గాడిలో అయస్కాంత క్షేత్రం పట్టి ఉంచిన ఎలక్ట్రాన్లే అక్కడ అయాన్లను లాగుతాయి. సోవియట్ శాస్త్రవేత్తలు 1971లోనే ఈ రకాన్ని ఉపగ్రహం మీద ఎగరేశారు. 2017 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్ళిన జీశాట్-9లో విద్యుత్ చోదక వ్యవస్థ ఉంది. 2025 మార్చిలో ఇస్రో తన 300 మిల్లీన్యూటన్ల ఇంజన్ 5.4 కిలోవాట్ల శక్తితో చాంబర్‌లో 1000 గంటల ఆయుష్షు పరీక్ష పూర్తి చేసిందని ప్రకటించింది. అక్కడ కూడా మధ్యమధ్యలో ఆపి చూసినది లోపలి పూత ఎంత అరిగిందనే.

ఇంత పెద్ద చాంబర్లు అందరికీ అందవు. కానీ మన విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాల్లో పలుచటి లోహపు పూతలు వేయడానికి కొన్న కోటింగ్ యూనిట్లు చాలాచోట్ల ఉన్నాయి. వాటిలో రోటరీ పంపు, డిఫ్యూజన్ పంపు, అడుగు వెడల్పున్న బెల్‌జార్, గేజ్‌లు అన్నీ ఉంటాయి. ఈ అధ్యాయంలో మన చిన్న ఇంజన్‌కు చెప్పిన పరీక్షల్లో చాలావాటికి అవి సరిపోతాయి. ఆ విభాగాల అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: వాడకం తగ్గిన యూనిట్ ఏదైనా ఉంటే దాని నూనె మార్చి, సీళ్ళు మార్చి, హై వోల్టేజి తెలిసినవారిని పక్కన నిలబెట్టి, ఇంజనీరింగ్ విద్యార్థులకు తలుపు తెరవండి. విద్యార్థులు తెచ్చే నివేదికలో వెలుగు ఫొటో కన్నా ముందు, ఇంజన్‌ను తిప్పి బిగించినప్పుడు చుక్క ఎటు జరిగిందో అడగండి.